దేశాల మధ్య వ్యాపారం, చట్టం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సుంకాల గురించీ, విదేశీ పెట్టుబడుల గురించీ. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట కలిపేశాను. నేను ఆర్థికవేత్తను కాను. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందాల మీద వచ్చే తగాదాలు చూసే లాయర్ని. అందుకని ఏ ప్రశ్న వచ్చినా నా చెయ్యి ముందు ఒప్పందం కాగితం మీదికే పోతుంది. డబ్బు ఎవరు కట్టాలి, తగువు ఎక్కడ తేలాలి, తేలాక వసూలు చేసేదెవరు? ఈ మూడూ అందులో ఎక్కడో ఒక వాక్యంలో ఉంటాయి. సంతకం పెట్టినవాళ్లే ఆ వాక్యం చదవకపోవడం చూసి చూసి ఈ శీర్షిక రాయడానికి ఒప్పుకున్నాను.

ప్రశ్న: ఒక దేశం ఇంకో దేశపు సరుకు మీద పాతిక శాతం సుంకం వేస్తే, ఆ డబ్బు ఎగుమతి చేసే దేశమే కడుతుందని నాయకులు చెబుతుంటారు. నిజమేనా?
– ఒక ఉపాధ్యాయుడు

కాదండీ. సుంకం కట్టేది దిగుమతి చేసుకునేవాళ్లు. కట్టించుకునేది వాళ్ల సొంత ప్రభుత్వం. ఓడరేవులో కస్టమ్స్‌కి పత్రాలు దాఖలు చేసి, డబ్బు కట్టి సరుకు విడిపించుకునే కంపెనీ సాధారణంగా ఆ దేశంలోదే. ఆ తర్వాత భారం ఎవరి నెత్తిన పడుతుందన్నది బేరాన్ని బట్టి ఉంటుంది. ఎగుమతిదారు ధర తగ్గించుకోవచ్చు, దిగుమతిదారు తన లాభం కోసుకోవచ్చు, లేదా అంతా కొనేవాళ్ల మీద వేసేయవచ్చు. 2018లో అమెరికా వేసిన సుంకాల మీద ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే, దాదాపు భారమంతా అమెరికాలో కొనేవాళ్ల మీదే పడిందని తేలింది.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది సుంకం ఎంత అన్నది కాదు, ఎన్నాళ్లు అన్నది. 1960ల మొదట్లో పశ్చిమ యూరప్ దేశాలు అమెరికా కోళ్ల మీద సుంకం పెంచాయి. దానికి బదులుగా 1963 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కుల మీద సుంకం వేశాడు. కాలక్రమంలో మిగతావి పోయాయి. ట్రక్కుల మీద 25 శాతం మాత్రం పోలేదు. కోళ్ల గొడవ చల్లారి అరవై ఏళ్లు దాటినా అది అలాగే ఉంది. ఎందుకంటే ఈలోగా అమెరికా ట్రక్కు తయారీదార్లు ఆ గోడ నీడన స్థిరపడిపోయారు.

ఇక దాన్ని తప్పించుకోడానికి పడ్డ పాట్లు చూడండి. ఫోర్డ్ కంపెనీ తుర్కియేలో తయారైన ట్రాన్సిట్ కనెక్ట్ అనే వ్యాన్లను అమెరికాకు తెచ్చేది. అప్పట్లో సరుకు వ్యాను అయితే 25 శాతం, మనుషులెక్కే బండి అయితే 2.5 శాతం. అందుకని వెనక సీట్లు, కిటికీలు బిగించి ప్రయాణికుల బండిగా దించేది. బాల్టిమోర్ రేవులో కస్టమ్స్ దాటాక వెనక సీట్లు పీకేసి, కిటికీ అద్దాల స్థానంలో రేకులు బిగించి సరుకు వ్యానుగా మార్చేది. బండి దిగిన క్షణంలో ఎలా ఉందో అదే చూడాలని కంపెనీ వాదన. ఏ పనికి తయారైందో చూడాలని కస్టమ్స్ వాదన. 2019లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు కస్టమ్స్ పక్షానే నిలిచింది. చివరికి 2024లో ఫోర్డ్ 36.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. పీకేయడానికే బిగించిన ఆ సీట్ల ఖర్చంతా ఎవరికి ఉపయోగపడినట్టు? తాత్కాలికంగా వేస్తున్నాం అని ఏ ప్రభుత్వమైనా సుంకం వేసినప్పుడు, అది ఎప్పుడు పోతుందో ఆ ఉత్తర్వులోనే తేదీ రాశారా అని నేను ముందు చూస్తాను.

ప్రశ్న: మేడమ్, మాది చిన్న ఎగుమతుల వ్యాపారం. మొదటిసారి లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద సరుకు పంపాం. సరుకు చేరింది, బాగుందని కొన్నతనే మెయిల్ పెట్టాడు. అయినా మేమిచ్చిన పత్రాల్లో తేడా (డిస్క్రిపెన్సీ) ఉందని అతని బ్యాంకు డబ్బు ఆపేసింది. సరుకులో లోపం లేనప్పుడు బ్యాంకుకి ఆ హక్కు ఎక్కడిది?
– ఒక ఎగుమతిదారు

మీ బాధ అర్థమవుతోంది. కానీ ఆ హక్కు బ్యాంకుకి ఉందండీ. లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ) అంటే, అడిగిన పత్రాలు చూపిస్తే డబ్బు కడతామని కొన్నవాళ్ల బ్యాంకు రాసిచ్చే హామీ. అది దాదాపు ఎక్కడైనా యూసీపీ 600 అనే నియమాల మీద నడుస్తుంది. పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ రాసిన ఈ నియమాలు 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటిలో ఐదో ఆర్టికల్ ఒక్క వాక్యమే: బ్యాంకులు వ్యవహరించేది పత్రాలతో, సరుకుతో కాదు. మీ సరుకు బంగారంలా ఉన్నా పత్రం ఎల్‌సీకి సరిపోకపోతే డబ్బు రాదు. పత్రాలు సరిగ్గా ఉంటే మాత్రం, మోసం రుజువైతే తప్ప, కొన్నవాడు సరుకు నచ్చలేదని ఎంత మొత్తుకున్నా బ్యాంకు చెల్లించాల్సిందే. మీకు రక్షణ ఇచ్చే నియమమే ఇప్పుడు మీకు అడ్డం తిరిగింది.

నేను చూసిన ఒక ఫైలు చెబుతాను. యంత్ర భాగాల ఎగుమతి. ఎల్‌సీలో సరుకు వర్ణన చివర ‘పూర్తిగా కొత్తవి’ అని ఉంది. ఇన్‌వాయిస్ టైపు చేసినాయన ఆ రెండు మాటలూ అనవసరం అనుకుని వదిలేశాడు. ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీలో ఉన్న వర్ణనకు సరిపోవాలని యూసీపీ స్పష్టంగా చెబుతుంది. మిగతా పత్రాల్లో కొంత వెసులుబాటు ఉంటుంది, మాట మాటా ఒకటే కానక్కర్లేదు, పరస్పరం విరుద్ధంగా లేకపోతే చాలు. ఇన్‌వాయిస్‌కి ఆ వెసులుబాటు లేదు. ఈలోగా మార్కెట్లో ఆ భాగాల ధర పడిపోయింది. కొన్నవాళ్లు ఆ రెండు మాటల్ని పట్టుకుని ధర తగ్గిస్తేగానీ ఒప్పుకోమన్నారు. సరుకు అప్పటికే పరాయి రేవులో ఉంది, రోజురోజుకీ డెమరేజీ (సరుకు విడిపించుకోనందుకు రేవులో పడే రుసుము) పెరుగుతోంది. ఎగుమతిదారు తగ్గించక తప్పలేదు.

మీ విషయంలో దారి ఇంకా మూసుకుపోలేదు. ముందు బ్యాంకు పంపిన తిరస్కరణ నోటీసు తెప్పించుకుని తేదీ చూడండి. పత్రాలు అందిన మర్నాటి నుంచి ఐదు బ్యాంకు పనిదినాల్లోగా నోటీసు ఇవ్వాలి. లోపాలన్నీ ఆ ఒక్క నోటీసులోనే చెప్పాలి, తర్వాత గుర్తొచ్చాయని ఇంకో జాబితా పంపడానికి వీల్లేదు. గడువు దాటాక ఇచ్చినా, లోపమేదో చెప్పకుండా ఇచ్చినా, పత్రాలు సరిగ్గా లేవని వాదించే హక్కు బ్యాంకు పోగొట్టుకుంటుంది. ఇది చాలామంది ఎగుమతిదార్లకు తెలియదు. రెండోది, ఎల్‌సీ గడువు ఇంకా ఉంటే పత్రం సరిదిద్ది మళ్లీ ఇవ్వవచ్చు. కాకపోతే ఓడకెక్కించిన 21 రోజుల్లోగా దాఖలు చేయాలన్న నియమం ఒకటుంది, అది దాటిపోలేదు కదా చూసుకోండి. మూడోది మీకు బాగా కలిసొచ్చేది. కొన్నతను సరుకు బాగుందని రాశాడు కదా, ఆ లోపాన్ని పట్టించుకోవద్దని అతని చేతే తన బ్యాంకుకి రాయించండి. బ్యాంకు ఒప్పుకోవాలనే నియమం లేదు, కానీ మామూలుగా ఒప్పుకుంటుంది. ఈ జవాబు చదివిన రోజే ఆ పని మొదలుపెట్టండి.

ఇకముందు ఎల్‌సీ చేతికొచ్చిన రోజే దాన్ని చదవండి, సరుకు సిద్ధం చేశాక కాదు. ‘కొనుగోలుదారు ప్రతినిధి సంతకం చేసిన తనిఖీ సర్టిఫికెట్’ కావాలని అందులో ఉంటే అక్కడే ఆగిపోండి. ఆ సంతకం పెట్టడమా మానడమా అన్నది అతని ఇష్టం. అంటే మీ డబ్బు తాళం అతని జేబులో పెట్టినట్టే. సవరణ అడగండి. ఇవ్వనంటే ఆ ఆర్డరు వదులుకోవడం గురించి కూడా ఆలోచించండి.

ప్రశ్న: సీఐఎఫ్ అంటే కొన్నవాళ్ల రేవు చేరేదాకా బాధ్యత అమ్మినవాళ్లదే కదా? ఓడ మధ్యలో మునిగితే నష్టం ఎవరిది?
– ఒక కామర్స్ విద్యార్థిని

చాలామంది పొరబడే చోటిది, అమ్మా. సీఐఎఫ్ అంటే సరుకు ధర, బీమా, ఓడ కిరాయి కలిపి అమ్మే పద్ధతి. అందులో ఓడ కిరాయి, బీమా ఖర్చు అమ్మినవాళ్లవి. కానీ నష్టభయం మాత్రం సరుకు ఓడకెక్కిన రేవులోనే కొన్నవాళ్లకు మారిపోతుంది. ఖర్చు ఒకచోట, రిస్కు ఇంకోచోట మారతాయి. మధ్యలో మునిగితే బీమా కంపెనీ దగ్గరికి వెళ్లాల్సింది కొన్నవాళ్లే. అక్కడే ఇంకో చిక్కు. ఇన్‌కోటెర్మ్స్ 2020 అనే అమ్మకపు షరతుల నియమావళి ప్రకారం అమ్మినవాళ్లు కనీస బీమా చేస్తే చాలు, సరుకు విలువకు 110 శాతం మీద. ఆ కనీస పాలసీలో ఓడ మునగడం, అగ్నిప్రమాదం లాంటివి ఉంటాయిగానీ దొంగతనం ఉండదు. విలువైన సరుకు కొనేవాళ్లు పూర్తి రక్షణ ఉన్న పాలసీ కావాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ప్రశ్న: ఒక విదేశీ కంపెనీ, ఒక దేశ ప్రభుత్వం మీద అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో కేసు వేయగలదా? ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం చేసిన చట్టాన్ని ముగ్గురు ప్రైవేటు వ్యక్తులు తప్పుపట్టడం ఏం న్యాయం?
– పలువురు పాఠకులు

వేయగలదు. ఆ ప్రభుత్వమే ముందుగా ఒప్పుకుని ఉంటుంది కనుక. ద్వైపాక్షిక పెట్టుబడి ఒప్పందాల్లో మొదటిది 1959లో పశ్చిమ జర్మనీ, పాకిస్తాన్ మధ్య కుదిరింది. ఆ తర్వాత అలాంటివి వేలల్లో వచ్చాయి. మీ దేశం కంపెనీ ఆస్తిని మా ప్రభుత్వం పరిహారం లేకుండా లాక్కోదు, న్యాయంగా చూస్తుంది, తేడా వస్తే ఆ కంపెనీ నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు – స్థూలంగా వాటి సారం ఇదే. ఈ కేసుల్లో ఎక్కువ భాగం 1965 నాటి ఒడంబడికతో ప్రపంచ బ్యాంకు గొడుగు కింద ఏర్పడ్డ ఇక్సిడ్ అనే సంస్థలో నడుస్తాయి.

మీ ప్రశ్నలో ఆవేదన ఉంది, అది న్యాయమైనదే. ఉరుగ్వే కథ వినండి. సుమారు 34 లక్షల జనాభా ఉన్న దేశం. సిగరెట్ పెట్టె మీద 80 శాతం మేర ఆరోగ్య హెచ్చరిక ఉండాలనీ, ఒక బ్రాండుకు ఒకే రకం సిగరెట్ ఉండాలనీ నియమం పెట్టింది. రెండో నియమం ఎందుకంటే, ‘లైట్’ అనో ‘గోల్డ్’ అనో పేరు పెడితే హాని తక్కువని జనం నమ్ముతారు. అప్పటి అధ్యక్షుడు తబారే వాస్కెస్ స్వయానా క్యాన్సర్ వైద్యుడు. ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్ కంపెనీ 2010లో స్విట్జర్లాండ్, ఉరుగ్వేల మధ్య ఉన్న పెట్టుబడి ఒప్పందాన్ని పట్టుకుని కేసు వేసింది. దాని ఏడాది అమ్మకాల ముందు ఆ దేశ బడ్జెట్ చిన్నది. అమెరికాలో ఒక ధార్మిక సంస్థ ఖర్చుకు ఆదుకుంది కాబట్టి ఉరుగ్వే చివరిదాకా నిలబడింది. 2016 జూలై 8న తీర్పొచ్చింది. కంపెనీ వాదనలన్నీ కొట్టేశారు. ఉరుగ్వేకి 70 లక్షల డాలర్ల ఖర్చులు ఇవ్వమన్నారు. ప్రజారోగ్యాన్ని కాపాడే అధికారం ప్రభుత్వానికి ఉందని ట్రిబ్యునల్ గట్టిగానే చెప్పింది.

అదే కంపెనీ ఆస్ట్రేలియా మీద కూడా వెళ్లింది. అక్కడ 2011లో పెట్టెల మీద కంపెనీ రంగులూ గుర్తులూ లేకుండా చేసే చట్టం వచ్చింది. ఆ చట్టం వస్తోందని ముందే తెలిసి, ఆస్ట్రేలియా శాఖ వాటాల్ని అదే ఏడాది ఫిబ్రవరిలో హాంకాంగ్‌లోని తన కంపెనీకి మార్చుకుంది. ఎందుకంటే హాంకాంగ్‌కి ఆస్ట్రేలియాతో పెట్టుబడి ఒప్పందం ఉంది. ఇది హక్కుని దుర్వినియోగం చేయడమేనని 2015లో ట్రిబ్యునల్ కేసుని గుమ్మంలోనే ఆపేసింది. రెండు చోట్లా కంపెనీ ఓడింది. అయినా నేను సంతోషపడలేను. ఆ కేసు తేలేదాకా న్యూజిలాండ్ తన చట్టాన్ని పక్కన పెట్టుకుని ఎదురుచూసింది. కేసు ఓడిపోయినా కంపెనీకి ఆ ఏళ్లు కలిసొచ్చాయి.

అయితే రెండో వైపు కూడా చూడాలి. వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ 1989లో భారత ప్రభుత్వ రంగ సంస్థ కోల్ ఇండియాతో గని అభివృద్ధికి ఒప్పందం చేసుకుంది. తేడాలొచ్చాయి. 2002లో ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తుల ముందు, సుమారు 40.8 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు గెలుచుకుంది. గెలుచుకున్న ఆ అవార్డు (మధ్యవర్తుల తీర్పు) అమలు మాత్రం కోర్టుల్లో చిక్కుకుపోయింది. కోల్ ఇండియా ఒక హైకోర్టులో దాన్ని రద్దు చేయమంది, కంపెనీ ఇంకో హైకోర్టులో అమలు చేయమంది, ఆపైన సుప్రీంకోర్టు. ఎనిమిదేళ్లు గడిచినా పైసా రాలేదు. అప్పుడు 1999 నాటి భారత్–ఆస్ట్రేలియా పెట్టుబడి ఒప్పందం కింద భారత ప్రభుత్వం మీదే కేసు వేసింది.

ఆ ఒప్పందంలో కోర్టు ఆలస్యాల గురించి సూటిగా ఏమీ లేదు. కానీ ఒక వాక్యం ఉంది: వేరే ఏ దేశపు పెట్టుబడిదారుకి ఇచ్చిన దానికన్నా తక్కువ మర్యాద మీకు ఇవ్వము. దీన్నే మోస్ట్ ఫేవర్డ్ నేషన్ నిబంధన అంటారు. కువైట్‌తో భారత్ చేసుకున్న ఒప్పందంలోనేమో, హక్కుల్ని నిలబెట్టుకోడానికి సమర్థమైన మార్గం కల్పిస్తామనే హామీ ఉంది. కంపెనీ లాయర్లు కువైట్‌కి ఇచ్చిన ఆ హామీని ఈ వాక్యం తలుపులోంచి తమ ఒప్పందంలోకి తెచ్చుకున్నారు. 2011 నవంబరులో ట్రిబ్యునల్ ఒప్పుకుంది. అవార్డు మొత్తం, వడ్డీతో సహా ఇవ్వమంది. కువైట్ కాగితం మీద సంతకం పెట్టిన అధికారులకు దాని ఫలితం ఆస్ట్రేలియా కంపెనీ కేసులో తేలుతుందని ఊహకైనా వచ్చి ఉండదు.

ఆ తర్వాత భారత్ 2015 చివర్లో కొత్త నమూనా ఒప్పందం ఆమోదించింది. అందులో మోస్ట్ ఫేవర్డ్ నేషన్ నిబంధన లేదు. ట్రిబ్యునల్‌కి వెళ్లేముందు కనీసం ఐదేళ్లు స్థానిక కోర్టుల్లో ప్రయత్నించాలని ఉంది. 2016 నుంచి పాత ఒప్పందాల్లో చాలావాటికి రద్దు నోటీసులు ఇచ్చింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆరోగ్యం, పర్యావరణం మీద చేసే చట్టాల్ని స్పష్టంగా మినహాయించని ఒప్పందం మీద ఏ ప్రభుత్వమూ సంతకం పెట్టకూడదు. అలాగే, ఏళ్ల తరబడి తేలని కేసుకి సార్వభౌమాధికారం జవాబు కాదు. తన కోర్టుల్లో న్యాయం సకాలంలో దొరికే దేశానికి ట్రిబ్యునళ్లంటే అంత భయం ఉండదు.

ప్రశ్న: ప్రభుత్వమే ఓడిపోయి డబ్బు కట్టనంటే? దేశం మీదికి జప్తు అమీనాని పంపగలరా?
– ఒక బ్యాంకు ఉద్యోగి

ఒకసారి దాదాపు అంత పనీ చేశారండీ. 2001లో అర్జెంటీనా అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. 2005లో, 2010లో బాండ్లు ఉన్నవాళ్లతో తక్కువకి సర్దుకుంది. 90 శాతానికి పైగా అప్పులవాళ్లు ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లలో ఎన్ఎంఎల్ క్యాపిటల్ అనే ఫండ్ ఒకటి. బాండ్లని కారుచౌకగా కొని, ముఖవిలువ మొత్తం ఇమ్మని పట్టుపట్టింది. 2012 అక్టోబరులో అర్జెంటీనా నౌకాదళ శిక్షణ నౌక లిబర్టాడ్, మూడు తెరచాపకొయ్యల అందమైన ఓడ, ఘనాలోని తేమా రేవులో ఆగింది. ఫండ్ లాయర్లు అక్కడి కోర్టుకి వెళ్లి దాన్ని కదలనీయకుండా ఉత్తర్వు తెచ్చారు. యుద్ధనౌకకి రక్షణ ఉంటుందని హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్ డిసెంబరులో విడిపించింది.

పత్రికలన్నీ ఓడ బొమ్మే వేశాయి. అసలు పని జరిగింది న్యూయార్క్‌లో. ఆ బాండ్ల కాగితంలో ‘పారీ పాసు’ అనే మామూలు నిబంధన ఉంది. ఈ అప్పుని మిగతా అప్పులతో సమానంగా చూస్తాము అని దాని అర్థం. బాండ్లు రాసే లాయర్లు పాత పత్రంలోంచి కొత్త పత్రంలోకి ఎత్తి రాసుకుంటూ పోయే వాక్యమది. సర్దుకున్నవాళ్లకు వాయిదా కడితే, వీళ్లకీ మొత్తం కట్టాల్సిందేనని న్యూయార్క్ జడ్జి థామస్ గ్రీసా దాన్ని పట్టుకునే తీర్పిచ్చాడు. చెల్లింపులు న్యూయార్క్ బ్యాంకుల గుండా పోవాలి. ఆ బ్యాంకులు కోర్టు మాట జవదాటవు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు. డబ్బుండీ సర్దుకున్నవాళ్లకు కట్టలేక అర్జెంటీనా మళ్లీ డిఫాల్ట్ అయింది. 2016లో రాజీపడింది. ఆ ఫండ్ ఒక్కదానికే రెండు వందల కోట్ల డాలర్లకు పైగా ముట్టాయి. ఆ తీర్పుల దెబ్బకి 2014 నుంచే ప్రపంచమంతటా ప్రభుత్వ బాండ్లలో ఆ నిబంధనని తిరగరాయడం మొదలైంది. పేదదేశాల ఆసుపత్రులకూ బడులకూ పోవాల్సిన డబ్బు ఇలాంటి చోట్ల కారిపోతుంటే నాకు కడుపు మండుతుంది.

ప్రశ్న: విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి ఇన్ని వేల కోట్లు వచ్చిందంటే అన్ని ఫ్యాక్టరీలు వచ్చినట్టేనా?
– ఒక పాఠకుడు

కాదు. విదేశీయుడు కంపెనీలో పది శాతం లేదా అంతకుమించి ఓటు హక్కు కొంటే దాన్ని ప్రత్యక్ష పెట్టుబడిగా లెక్కేస్తారు. ఉన్న ఫ్యాక్టరీ చేతులు మారినా అదే లెక్క. ఖాళీ కంపెనీ గుండా డబ్బు అటునుంచి ఇటు దాటినా అదే లెక్క. ఆరు లక్షలకు పైగా జనాభా ఉన్న లక్సెంబర్గ్‌లో నాలుగు లక్షల కోట్ల డాలర్ల ప్రత్యక్ష పెట్టుబడి కనిపించింది. 2019లో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ప్రపంచ మొత్తంలో సుమారు 40 శాతం ఇలా ఏ వ్యాపారమూ చేయని డొల్ల కంపెనీల గుండా పోయేదే. అందుకని వార్త చదివినప్పుడు ఎంత అని కాక, కొత్త ఉత్పత్తికా, పాత వాటాల కొనుగోలుకా, డబ్బు ఏ దేశం మీదుగా వచ్చింది అని చూడండి.

ప్రశ్న: డబ్ల్యూటీఓ ఇంకా బతికే ఉందా?
– ఒక పాఠకురాలు

ప్రపంచ వాణిజ్య సంస్థ బతికే ఉంది, దేశాల వ్యాపార తగాదాలు తేల్చే దాని అప్పీలు విభాగం పడకేసింది. అందులో ఏడుగురు ఉండాలి, ఒక్కో కేసుని ముగ్గురు వినాలి. కొత్తవాళ్ల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ పోయింది. 2019 డిసెంబరు 11 నుంచి ముగ్గురు కూడా లేరు. ఇప్పుడు కింది ప్యానెల్లో ఓడిన దేశం అప్పీలు వేస్తే, వినేవాళ్లు లేక ఆ తీర్పు అక్కడే ఆగిపోతుంది. యూరోపియన్ యూనియన్, మరికొన్ని దేశాలు 2020లో తమలో తాము ఒక తాత్కాలిక అప్పీలు ఏర్పాటు చేసుకున్నాయి.

నిజానికి అప్పీలు విభాగం పూర్తిగా పనిచేసిన రోజుల్లో కూడా చిన్న దేశాలకు చిక్కే. జనాభా లక్ష కూడా లేని ఆంటిగ్వా బార్బుడా, ఆన్‌లైన్ జూదంపై అమెరికా పెట్టిన ఆంక్షల మీద 2003లో కేసు వేసి గెలిచింది. అమెరికా చట్టం మార్చలేదు. అలాంటప్పుడు గెలిచిన దేశం ప్రతిచర్యగా సుంకాలు వేయవచ్చు. కానీ ఆంటిగ్వా అమెరికా సరుకు మీద సుంకం వేస్తే బాధపడేది ఆంటిగ్వా ప్రజలే. అందుకని అమెరికా కాపీరైట్లనీ పేటెంట్లనీ ఏడాదికి 2.1 కోట్ల డాలర్ల మేరకు పక్కన పెట్టుకోవచ్చని 2007లో మధ్యవర్తులు చెప్పారు. ఆంటిగ్వా అడిగింది 344 కోట్లు. ఇచ్చిన ఆ కాస్త హక్కునైనా అది వాడుకోలేకపోయింది. పత్తి సబ్సిడీల కేసులో బ్రెజిల్ కూడా ఇలాగే గెలిచింది, అయితే అది పెద్ద మార్కెట్. ప్రతిచర్యకు దిగుతానని హెచ్చరించగానే అమెరికా ఏడాదికి 14.73 కోట్ల డాలర్లు బ్రెజిల్ పత్తి రైతుల నిధికి ఇవ్వడానికి ఒప్పుకుంది, 2014లో మరో 30 కోట్లిచ్చి తేల్చుకుంది. నియమం ఒక్కటే, ప్రతిచర్యకు దిగగల బలం వేరు. అయినా నియమమే లేకపోతే ఆంటిగ్వాకి ఆ మాత్రం మాట్లాడే వేదిక కూడా ఉండేది కాదు కదా. అందుకే అప్పీలు విభాగం మళ్లీ నిలబడాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ప్రశ్న: విదేశీ కొనుగోలుదారుతో మొదటిసారి ఒప్పందం రాసుకుంటున్నాం. వివాదాల క్లాజు అతనే పంపాడు: ‘తగాదాలు స్నేహపూర్వకంగా పరిష్కరించుకోవాలి, లేకుంటే అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కి వెళ్లాలి’. సరిపోతుందా?
– ఒక యువ పారిశ్రామికవేత్త

సరిపోదు బాబూ. ఏ సంస్థ నియమాలు? ఆర్బిట్రేటర్లు ఎంతమంది? సీట్, అంటే చట్టం దృష్టిలో ఆర్బిట్రేషన్ జరిగే చోటు, ఏ నగరం? ఇవి లేకపోతే అసలు తగాదా మొదలయ్యేలోపు వీటి మీదే ఏడాది గడుస్తుంది. ఉనికిలో లేని సంస్థ పేరు రాసిన క్లాజులు కూడా నా బల్ల మీదికి వచ్చాయి. ఐసీసీ (ఇందాకటి ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్), సింగపూర్, లండన్ ఆర్బిట్రేషన్ సంస్థలు తమ నమూనా క్లాజుల్ని ఉచితంగానే ఇస్తాయి. అందులో ఒకటి యథాతథంగా తీసుకోండి, సొంత కవిత్వం వద్దు. సీట్ మాత్రం, ఒక దేశంలో ఇచ్చిన అవార్డుని ఇంకో దేశంలో అమలు చేయించే 1958 నాటి న్యూయార్క్ ఒడంబడికలో ఉన్న దేశంలోనే ఉండాలి. 170కి పైగా దేశాలు అందులో ఉన్నాయి, కొన్నతని ఆస్తులున్న దేశం కూడా ఉందో లేదో చూసుకోండి. అవార్డు చివరికి అమలు కావాల్సింది అక్కడే.

ఏ దేశ చట్టం వర్తిస్తుందో కూడా రాయండి. ‘ఫ్రాన్స్ చట్టం’ అని రాస్తే దేశాల మధ్య సరుకు అమ్మకాలకు వర్తించే 1980 నాటి వియన్నా అమ్మకాల ఒడంబడిక కూడా దాని వెంటే వచ్చేస్తుంది, వద్దనుకుంటే వద్దని విడిగా రాయాలి. అది వచ్చిందంటే, సరుకులో లోపాన్ని కొన్నవాళ్లు సమంజసమైన సమయంలోగా చెప్పాలి, ఎంత ఆలస్యమైనా రెండేళ్లు దాటకూడదు. అమ్మేవాళ్లకి అది మంచిదే.

ఇంకో మాట. మీ ఆర్డరు విలువ చిన్నదైతే ఆర్బిట్రేషన్ ఖర్చే దాన్ని మించిపోతుంది. అప్పుడు ఎంత గొప్ప క్లాజైనా కాగితం మీదే ఉంటుంది. సగం డబ్బు ముందే తీసుకోండి, మిగతా దానికి ఎగుమతి రుణ బీమా చేయించండి. క్లాజు రాసుకుంటే ఆర్బిట్రేటర్ ఒక్కరే చాలు. విచారణ ఏ భాషలో జరగాలో కూడా మరవకుండా రాయండి. లేకపోతే మీ ఇన్‌వాయిస్‌లన్నీ అతని భాషలోకి తర్జుమా చేయించి ధ్రువీకరించమంటారు, ఆ ఖర్చు మీది.